చెవి మేస్త్రీ చేతులు

ఆ మెకానిక్కును అందరూ చెవి మేస్త్రీ అంటారు. బండి ముందు చక్రాల దగ్గర ఏది అరిగిందో తెలియాలంటే మిగతావాళ్లు జాకీ ఎత్తి, కిందికి దూరి నానా తంటాలు పడతారు. ఈయన మాత్రం దర్జాగా డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, షెడ్డు ముందున్న స్పీడ్ బ్రేకర్ మీదుగా ఒక్కసారి పోనిమ్మంటాడు. "బుష్షు పోయింది", "ఎడమవైపు బాల్ జాయింటు" అని దిగకుండానే చెప్పేస్తాడు. ముప్పై ఏళ్లలో ఒక్క మాటా తప్పలేదు. అందుకే ఆ గర్వానికి కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఏడాదిగా చెవులు మందగించాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్య రెండోసారి పిలిస్తే, "వినపడిందిలే, ఎన్నిసార్లు అరుస్తావు!" అని ఆమె మీదే ఎగిరేవాడు. పొగరు కాకపోతే ఏమిటి చెప్పండి.

ఒకరోజు పొద్దున్నే స్కూలు వ్యాను నడిపే ఆవిడ వచ్చింది. స్టీరింగ్ పక్కకు లాగుతోందంది. మేస్త్రీ ఎక్కి కూర్చుని స్పీడ్ బ్రేకర్ దాటించాడు. ఆయనకు ఏ చప్పుడూ తెలియలేదు.

"శుభ్రంగా ఉందమ్మా, టైర్లలో గాలి చూపించుకో" అని పంపేశాడు.

మధ్యాహ్నం భోజనం వడ్డిస్తూ భార్య అడిగింది. "పొద్దున ఆ వ్యాను అంతలా టకటకమంటుంటే అలాగే పంపేశారేంటండీ? షెడ్డు వెనక మన వంటింట్లోకి వినపడింది."

మేస్త్రీ ముద్ద కంచంలోనే వదిలేశాడు. సాయంత్రం ఆ వ్యానులో పద్దెనిమిదిమంది పిల్లలు ఎక్కుతారు. బడి నుంచి దారంతా పల్లమే. ఆయన చెయ్యి కడుక్కుని, జాకీ సంచిలో వేసుకుని బడికి నడిచాడు.

గేటు దగ్గర పిల్లలు అప్పటికే వరుస కట్టారు. తల్లిదండ్రులు కొందరు నిలబడి ఉన్నారు.

"పిల్లల్ని ఎక్కించకమ్మా."

"పొద్దున మీరేగా బాగుందన్నారు!" అంది డ్రైవరమ్మ.

మేస్త్రీ కావాలంటే తప్పును టైర్ల మీదకు నెట్టేయవచ్చు, ఎవరూ అడగరు. కానీ పిల్లల వైపు చూశాక ఆ అబద్ధం నోటికి రాలేదు.

"నాకు చెవులు సరిగ్గా వినపడటం లేదు. ఏడాదైంది. పొద్దున నేనేమీ వినలేదు, ఊరికే చెప్పాను."

అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. అయినా కూర్చుని జాకీ వేసి ముందు చక్రం ఎత్తాడు. స్టీరింగ్ లాక్ చేయించి, చక్రానికి అటూ ఇటూ అరచేతులు ఆనించి కుదిపాడు. వదులు చేతికి తెలిసింది. చక్రాన్ని తిప్పే కడ్డీ చివర ఉన్న జాయింటు మీద ఆవిడ వేలు పెట్టించి మళ్లీ కుదిపాడు.

"ఆడుతోందా?"

"ఆడుతోంది మేస్త్రీ!"

"ఇది ఊడితే స్టీరింగ్ నీ చేతిలోనే ఉంటుంది. చక్రం దాని దారిన అది పోతుంది."

ఆవిడ మిగతా తల్లిదండ్రులనూ పిలిపించి, పిల్లల్ని అప్పగించి వచ్చి మెల్లగా అడిగింది. "మరి ఈ ఏడాదిలో మీరు బాగుందని పంపినవి ఎన్ని మేస్త్రీ?"

ఆ రాత్రి భార్యాభర్తలు గుర్తుచేసుకుని రాస్తే నలభైఒక్క బండ్లు తేలాయి. తెల్లవారగానే మేస్త్రీ జాకీ సంచి తీసుకుని మొదటి ఇంటి తలుపు తట్టాడు.

"నీ బండి బాగుందన్నాను కదా," అన్నాడు, "అది నిజమో కాదో నాకు తెలీదు. ఒకసారి చెయ్యి పెట్టి చూడనివ్వు."