పక్క కుర్చీలో కూర్చున్న మౌనిక

దయ్యాల కబుర్లు మొదలైతే మధ్యలోనే లేచి టీ పెట్టుకోవడానికి వెళ్లిపోయే రకం నేను. మా అత్తగారు దిష్టి తీస్తానంటేనే నవ్వుతాను. అందుకే ఇది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇంకొకరు నాకు చెప్పి ఉంటే, మొదట నవ్వేది నేనే.

మా ఆఫీసు ఆబిడ్స్‌లో, గన్‌ఫౌండ్రీ వైపు వెళ్లే సందులో, ఒక బట్టల షాపు పైన ఉంటుంది. ఆసుపత్రుల్లో రోగి మంచం పక్కన గుండె, ఊపిరి ఎలా ఉన్నాయో చూపించే మానిటర్లు తయారుచేస్తాం. ఆ యంత్రం లోపల అన్నింటినీ నడిపించే కెర్నెల్ రాయడం నా పని. చాలాకాలం నేనొక్కదాన్నే రాశాను. తర్వాత మౌనిక వచ్చింది.

నాంపల్లి పిల్ల. వాళ్ల నాన్నకు అక్కడే స్టేషనరీ షాపు. నాకంటే ఆరేడేళ్లు చిన్న. నేను రోజంతా తల బద్దలుకొట్టుకున్నా దొరకని తప్పుని వచ్చి ఒక్క చూపులో పట్టేసేది. మా మేనేజరు మూర్తిగారు ఏ సమస్య వచ్చినా ముందు ఆమె కుర్చీ వైపే చూసేవారు. ఆ చూపు నా మీదుగా వెళ్లేది, ఎందుకంటే నా కుర్చీ మధ్యలో ఉండేది. నేను కాచిగూడ నుంచి బస్సులో నలిగి వస్తే, ఆమె ఇస్త్రీ చెదరకుండా నడుచుకుంటూ వచ్చేది. దానికీ నాకు కడుపు మండేది.

ఆ మధ్య మా మానిటర్ తెర అప్పుడప్పుడు క్షణం సేపు నిలిచిపోయేది. ఆసుపత్రిలో ఆ క్షణం చిన్న విషయం కాదు. ఎక్కడ ఆగుతోందో కనిపెట్టడానికి, కెర్నెల్‌లో ఫంక్షన్లు అనే ప్రోగ్రాం ముక్కల్లో ఏది దేన్ని పిలిచినా గుర్తుపెట్టుకునే ట్రేసర్ ఒకటి రాశాం. దాన్ని ఆన్ చేస్తే యంత్రమే చచ్చిపోయేది.

ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని పిలిచినప్పుడల్లా, తిరిగి ఎక్కడికి రావాలో స్టాక్ అనే చోట రాసిపెట్టుకుంటుంది. కెర్నెల్‌లో ఆ చోటు చాలా చిన్నది. పిలుపు మీద పిలుపు పడితే నిండి పొంగుతుంది. జరుగుతున్నది అదేనని మా అనుమానం. అనుమానం మాత్రమే. స్టాక్ పొంగితే ఎక్కడ పొంగిందో చెప్పడానికి ఒక హ్యాండ్లర్ రాసి పెట్టాం, అది ఒక్క ముక్క కూడా చెప్పేది కాదు. తెర నల్లబడి యంత్రం మళ్లీ మొదటికొచ్చేది.

ఇది జరిగిన రోజుకి మర్నాడే ఒక ఆసుపత్రి వాళ్లు చూడటానికి వస్తున్నారు. మౌనికేమో మేనమామ కూతురి పెళ్లికి వరంగల్ వెళ్లింది.

“ఫోన్ కలవట్లేదమ్మా సుధా. ఆ అమ్మాయుంటే ఇట్టే పట్టేసేది” అన్నారు మూర్తిగారు.

“నేనున్నాను కదండీ” అన్నాను.

“అదేలే, నువ్వూ చూడు” అన్నారు. ఆ ‘నువ్వూ’లోని దీర్ఘం పొద్దున్నుంచీ నా చెవిలో మోగుతూనే ఉంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు దిగారు. మూర్తిగారు తన గదిలోనే ఉండిపోయారు, నేనూ దిగలేదు. బయట మండుటెండ, కింద ఆటోల హారన్లు. భయపడాల్సిన వాతావరణం ఏమాత్రం కాదు.

పక్కన కుర్చీ లాగిన చప్పుడైంది. ఓరకంట చూస్తే మౌనిక, ఆకుపచ్చ చుడీదార్లో.

నాకు ముందు కలిగింది ఆశ్చర్యం కాదు, ఒళ్లు మంట. పెళ్లి కూడా వదిలేసి, నా నోటి దగ్గర ముద్ద లాక్కోవడానికి వచ్చేసింది అనుకున్నాను. పలకరించలేదు. తల కూడా పూర్తిగా తిప్పలేదు.

“అక్కా, జర ఆగు” అంది. “హ్యాండ్లర్ ఏ స్టాక్ మీద నడుస్తున్నది?”

ఆమె తెర మీద ఒక చోట వేలు పెట్టింది.

“నిండిన దాని మీదనే కదా. గాడ దానికి నిలబడేటందుకు జాగ ఏది? పొంగిందని చెప్పబోయి అది కూడా పొంగుతున్నది. దానికి వేరే స్టాక్ ఇయ్యి.” వేలు వెనక్కి తీసుకుంది. “నీకు తెల్వనిది కాదక్కా. కోపంల కనబడ్తలేదు, గంతే.”

ఎంత మెల్లగా అందో! కోపం దిగి, సిగ్గులాంటిదేదో వచ్చింది. తల వంచుకుని రాయడం మొదలుపెట్టాను. హ్యాండ్లర్‌కి వేరుగా కొంచెం చోటు కేటాయించి, ట్రేసర్ ఆన్ చేశాను.

ఈసారి హ్యాండ్లర్ నోరు విప్పింది. తెర నిండా అవే రెండు పేర్లు, ఒకదాని కింద ఒకటి. ట్రేసర్ ప్రతి పిలుపుకీ సమయం చూస్తుంది. ఆ సమయం చూసే ఫంక్షన్ కూడా ట్రేసింగ్‌లోనే ఉంది. కాబట్టి అది మళ్లీ ట్రేసర్‌ని పిలుస్తోంది, ట్రేసర్ మళ్లీ దాన్ని. ఇక మిగతాది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ ఫంక్షన్‌ని ట్రేసింగ్ నుంచి తప్పించి, ట్రేసర్ పనిలో ఉండగా మళ్లీ తనలోకి తాను రాకుండా ఒక అడ్డు పెట్టాను. యంత్రం చావకుండా నడిచింది.

సంతోషంతో పక్కకు తిరిగాను. కుర్చీ ఖాళీ.

మూర్తిగారికి తనే కనిపెట్టానని చెప్పడానికి పోయింది! ఆ క్షణంలో నాకు తోచింది అదొక్కటే. చున్నీ కుర్చీ చేతికి తగులుకుంటే లాక్కుని మరీ పరిగెత్తాను.

ఆయన గదిలో ఒక్కరే ఉన్నారు. “అయిందా అమ్మా? ఇందాక వచ్చాను. మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని పనిచేస్తుంటే కదిలించడం ఎందుకని అద్దం తలుపు దగ్గర్నుంచే వెనక్కొచ్చేశా. మౌనిక ఏదీ?”

నేను జవాబు చెప్పేలోపు ఆయన ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టారు.

“సార్, మీ మిస్డ్ కాల్స్ ఇప్పుడే చూసిన. ట్రైన్ల వాపస్ వస్తున్న సార్. ఇంక కాజీపేట గూడ దాటలే.”

వెనక రైలు చప్పుడు, పెళ్లివారి పిల్లల గోల. మూర్తిగారు ఫోన్ పట్టుకునే నా వంక చూశారు. ఆయన ముఖంలో రంగు పోయింది.

సాయంత్రం మౌనిక నాంపల్లి స్టేషన్ నుంచి బ్యాగుతో నేరుగా ఆఫీసుకే వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. రెండు చేతులకూ మోచేతుల దాకా గోరింటాకు ఎర్రగా పండి ఉంది. మధ్యాహ్నం తెర మీద వేలు పెట్టిన చెయ్యి నాకు బాగా గుర్తు. దాని మీద ఏమీ లేదు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను రాసిందంతా ఆమె నిలబడే చదివింది.

“నాకు గిది తట్టలే సుధగారూ. స్టాక్‌నే పెద్దగ చేద్దామని అనుకుంటున్న నేను. మీరు కనిపెట్టి నా పేరు చెప్తున్నరేంది? జాలి పడుతున్నరా నా మీద?”

ఆ కళ్లలో మంట నాకు కొత్త కాదు. నేనూ దాన్నే మోస్తూ వచ్చాను.

మర్నాడు మూర్తిగారు మెట్ల దగ్గరి కెమెరా చూశారు. భోజనానికి దిగినవాళ్లే కనిపించారు. ఆ వేళకి పైకి ఎక్కినవాళ్లు ఎవరూ లేరు. అలసటలో నేనే ఊహించుకున్నానని సరిపెట్టుకోవచ్చు. మరి ఆయనకెలా కనిపించింది? ఆయన దగ్గర ఆ మాట ఎత్తితే నాంపల్లి ట్రాఫిక్ గురించి మాట్లాడతారు.

ట్రేసర్ పుణ్యమా అని తెర ఎక్కడ ఆగుతోందో ముందు రాత్రే దొరికింది, ఆసుపత్రి వాళ్ల ముందు యంత్రం చక్కగా పనిచేసింది. కొన్ని నెలలకు మౌనిక వేరే కంపెనీకి వెళ్లిపోయింది. చివరి రోజు ఎందుకో తనే పిలిస్తే, మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీమ్ తిన్నాం.

“ఆ దినం వచ్చినామె మీతోని మంచిగ మాట్లాడిందా?” అని అడిగింది.

“చాలా మంచిగా మాట్లాడింది” అన్నాను.

మౌనిక చెంచా కప్పులో వదిలేసింది. “నేను ఎన్నిసార్లు చెప్పబోయిన మీకు. ఒక్కసారన్న ఇన్నరా? ఆమె చెప్తే ఇన్నరు.”

ఆమె నాంపల్లి వైపు, నేను బస్టాపు వైపు నడిచాం.

ఆ మధ్యాహ్నం నా పక్కన కూర్చున్నదెవరో నాకు ఈ రోజుకీ తెలియదు. రైల్లో ఉండగానే ఎలాగో మౌనికే వచ్చి ఉంటుందని అప్పటిదాకా మనసులో ఒక మూల అనుకుంటూ ఉండేదాన్ని. ఆ వచ్చినామె మీద మౌనిక గొంతులో అసూయ విన్నాకే, వచ్చింది తను కాదని నమ్మాను.