బందూకు దిండు

చెరుకు కోతలో ఆఖరి మడి కోసే రోజు మా ఊళ్లో పని సగం, వేట సగం. ఒక్కో మడి కోస్తూ పోతుంటే తోటలో దూరిన అడవిపందులు వెనక్కి వెనక్కి జరిగి, చివరికి మిగిలిన మడిలో ఇరుక్కుంటాయి. అప్పుడు కోతవాళ్లు మూడు వైపుల నుంచి కేకలు వేస్తూ లోపలికి దిగుతారు. నాలుగో వైపు వదిలేస్తారు. అక్కడ బందూకు పట్టుకుని ఒక మనిషి నిలబడతాడు. మా చుట్టుపక్కల తోటలన్నిటికీ ఆ మనిషి మా నాన్నే. బాపు అని పిలిచేవాళ్లం.

నవాబుల కాలం నాటి రైఫిల్ ఆయనది. లైసెన్సు కాగితం ఇంట్లో దేవుడి పటం వెనక ఉండేది. మా తోబుట్టువుల జాతకాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు కానీ, ఆ కాగితం ఎక్కడుందో పశువులకు కూడా తెలుసు.

ఇది అరవైల నడుమ సంగతి. అంతకుముందు ఏడాది కోతలో బాపు పేల్చిన తూటా పందిని వదిలేసి, గట్టు మీద ఉన్న ఒక కోత ఆడమనిషి కాలికి మూరెడు దూరంలో దిగబడింది. ఆమె అరవలేదు. నీళ్ల కుండ తీసుకుని ఇంకో గట్టు మీదికి వెళ్లి కూర్చుంది. బాపు బందూకును ఎగాదిగా చూసి, "దీని గురి తప్పింది" అన్నాడు.

ఆ ఏడు చక్కెర ఫ్యాక్టరీ నుంచి కోత చిట్టీ రాగానే, కోతవాళ్ల పెద్ద మా ఇంటికొచ్చాడు. నాందేడ్ వైపు మనిషి. ముకద్దం అనేవాళ్లం. వాకిట్లో మంచం వేసినా కూర్చోలేదు.

"పటేలా, బందూక్ సంగతి తేలినంకనే మావోళ్లు ఆఖరి మడిల దిగుతరు" అన్నాడు.

"గురి సరిజేయిస్త. పది రోజులున్నయి గద" అన్నాడు బాపు.

ఇంట్లో మా అందరికీ ఒక విషయం తెలుసు. రెండేళ్లుగా బాపు కుడి చెయ్యి వణుకుతోంది. అమ్మను మేం అవ్వ అని పిలుస్తాం. అవ్వ ఆయనకు చాయ్ గ్లాసు ముప్పావు వరకే పోసేది. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. మాది అంత మర్యాద గల ఇల్లు.

బందూకు గురి చూడాలంటే దాన్ని కదలకుండా దేని మీదైనా ఆనించి కాల్చాలి. మనిషి ఊపు తూటాకు అంటకూడదు. బాపు మొదట పంగల కర్ర పాతి దాని మీద గొట్టం ఆనించి కాల్చాడు. కర్ర మీద బందూకు ఎగిరి పడింది, తూటా చెట్ల మీదుగా వెళ్లిపోయింది. మెత్తటి దిండు కావాలన్నాడు. ఇంట్లో కుట్టుమిషన్ తొక్కే ఆడపిల్లను నేనే కాబట్టి ఆ పని నాకు పడింది. అప్పటిదాకా ఊరి ఆడవాళ్ల రవికెలు కుట్టాను, బందూకు కొలతలు తీసుకోవడం అదే మొదలు.

గోనెసంచి కోసి కుట్టి, అందులో బెల్లం గానుగ దగ్గరి చెరుకు పిప్పి కూరాను. మా వైపు ఏం నింపాలన్నా పిప్పే నింపుతాం. పొయ్యిలో పిప్పి, పశువుల కింద పిప్పి, బండిలో కూర్చోవడానికి పిప్పి. వేరేది నింపవచ్చని నాకు తోచనే లేదు. దిండు పెళ్లికొడుకు ఆనుకునే బాలీసులా నిండుగా వచ్చింది.

బావి తవ్విన మట్టి దిబ్బకు చెక్క ఆనించి, బొగ్గుతో గుండ్రంగా గీశాం. వంద గజాల దూరంలో రెండు రాళ్ల మీద బండి పలక వేసి, దాని మీద దిండు పెట్టాం. బాపు మూడు తూటాలు పేల్చాడు. ఒకటి చెక్క పై అంచున తగిలింది, ఒకటి కింది మూలన. మూడోది ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు.

"జూసినవా బిడ్డా? బందూకే కరాబైంది" అన్నాడు. ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను.

మర్నాడు బందూకును గొంగట్లో చుట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాం. నాకు దారం రీళ్లు కావాలి, అందుకని నేనూ వెళ్లాను. బందూకులు బాగుచేసే ముసలి సాబు దుకాణం పాత బజారు సందులో ఉండేది. గొట్టంలోంచి వెలుతురు వైపు చూశాడు, మర తిప్పాడు, గురిబిళ్లను గోటితో కదిపి చూశాడు.

"పటేల్ సాబ్, దీంట్ల గడ్‌బడ్ ఏం లేదు. దేని మీద పెట్టి కాల్చిన్రు?"

నేను చెప్పాను. ఆయన నవ్వలేదు. దానికే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

"పిప్పి మీద పెడితే బందూక్ ఎగుర్తది బేటీ. ఎండిన ఇసుక నింపు. నిండ నింపకు, గుద్దితే గుంత పడాలె. గొట్టం ఆనొద్దు, కింది కట్టె ఆనాలె. ఎనుక భుజానికి ఆనే బందూక్ మడమ కింద ఇంకో చిన్న సంచి పెట్టు. మూడు గోలీలు కాల్చుండ్రి. తలో దిక్కు పడితే నా దగ్గరికి తెండ్రి."

"ఒక్క జాగల పడితే?" అన్నాడు బాపు.

సాబు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "అప్పుడు నాతోని పని లేదు."



కందకుర్తి నుంచి వస్తున్న బండిలో మంజీర ఇసుక ఒక బస్తా తెప్పించాను. జల్లెడ పట్టి మిద్దె మీద రెండు రోజులు ఎండబోశాను. పిండి ఏనాడైనా ఇంత శ్రద్ధగా జల్లించావా అని అవ్వ అడిగింది. లోపల కోరాబట్ట, పైన గోనె. ఇసుక కారకుండా రెండు వరసలు కుట్టు వేశాను. మడమ కిందికి చిన్న సంచి కూడా అలాగే కుట్టాను. కుట్టుపనిలో నాకు పొగరు ఉండేది. ఆ పొగరే మా బాపు కొంప ముంచబోతోందని అప్పుడు ఆలోచించలేదు.

ఈసారి బందూకు దిండులో పడుకున్నట్టే ఉంది. బాపు మూడు సార్లు కాల్చాడు. నేను వెళ్లి చెక్క చూశాను. మూడు రంధ్రాలూ గీసిన గుండ్రం మధ్యలోనే ఉన్నాయి, ఒక్క తమలపాకు కింద దాగేటట్టు. ఇంకా చూడటానికి అక్కడ ఏమీ లేదు, అయినా చూస్తూ నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. మళ్లీ పిప్పే నింపి ఉంటే ఎంత బాగుండేదనిపించింది.

బాపే నడిచి వచ్చాడు. ఒక్కో రంధ్రంలో వేలు పెట్టి చూశాడు.

"నీ కుట్టు గట్టిది బిడ్డా" అన్నాడు.

వెనక్కి వెళ్లి దిండ్లు పక్కకు తీసి, నిలబడి, భుజానికి ఎత్తి ఒక్కసారి కాల్చాడు. చెక్క కదల్లేదు. దానికి బారెడు పక్కన దిబ్బ మీద దుమ్ము లేచింది. ఆయన బందూకును గొంగట్లో చుట్టాడు. ఇద్దరం ఇంటికి వచ్చాం.

కోతకు ముందురోజు ముకద్దం వచ్చాడు. నేను ఒక అబద్ధం సిద్ధం చేసి పెట్టుకున్నాను. బందూకు నిజంగానే చెడిపోయిందనీ, సాబు దగ్గర రిపేరులో ఉందనీ, కోత అయ్యాకే వస్తుందనీ. బాపు పరువు పోదు, ఎవరికీ ఏమీ కాదు. గుమ్మంలోనే మొదలుపెట్టాను.

"బందూక్ ఇంట్ల లేదు ముకద్దం, అది..."

లోపలి నుంచి బాపు వచ్చాడు.

"బందూక్ ఇంట్లనే ఉన్నది. మంచిగనే ఉన్నది" అన్నాడు. కుడి చెయ్యి ముందుకు చాచాడు. "కరాబైంది ఇది."

చెయ్యి వణుకుతోంది. దాన్ని ఆయన ఆపడానికి ప్రయత్నించలేదు, వెనక్కి తీసుకోలేదు. రెండేళ్లు మేమందరం చూడనట్టు నటించిన చేతిని వాకిట్లో పరాయి మనిషి తేరిపార చూశాడు.

"ఎప్పటిసంది పటేలా?"

"రెండేండ్లాయె. పోయినేడు బందూక్ పట్టొద్దని ఎరికె నాకు. అయినా పట్టిన."

ముకద్దం మంచం మీద కూర్చున్నాడు. అవ్వ ఇద్దరికీ చాయ్ తెచ్చింది.

"రేపు మా పక్కపొంటి నిలబడు" అన్నాడు ముకద్దం. "అరిసేటోళ్లు తక్కువున్నరు."

మర్నాడు బాపు ఒట్టి చేతులతో తోటకు వచ్చాడు. కోతవాళ్ల వరసలో నిలబడి, వాళ్లతోపాటు అరుస్తూ చెరుకులోకి దిగాడు. ఆయన పందిని కొట్టిన ఏ రోజూ నాకు అంత గర్వంగా అనిపించలేదు. నాలుగో వైపు ఎవరూ నిలబడలేదు. మా చెరుకులోంచి తొమ్మిది పందులు ప్రాణాలతో బయటపడ్డాయి. మనుషులం కూడా.