బుడోకాన్‌లో దిగని చెయ్యి

కత్సుజి నవ్వగా చూసినవాళ్లు టోక్యోలో ఆయన పేటలో ఎవరూ లేరు. పొద్దున సోయా పాలతో చేసే తోఫు అమ్ముతాడు, సాయంత్రం పిల్లలకు కెండో కత్తిసాము నేర్పుతాడు. రెండుచోట్లా అదే మొహం. తోఫు అయినా కాస్త మెత్తగా ఉంటుంది.

దీనికంతటికీ కారణం పోటీలూ కచేరీలూ జరిగే బుడోకాన్ హాలు. కుర్రతనంలో అక్కడ జరిగిన పోటీలో ఎదుటివాడి నెత్తిన వెదురు కత్తితో చక్కగా ఒకటి వేశాడు. తీర్పరులు ముగ్గురూ జెండాలెత్తారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మహానుభావుడు ఉబ్బితబ్బిబ్బై పిడికిలి పైకెత్తాడు. కెండోలో దెబ్బ తగిలించినవాడు సంబరపడకూడదు, అది ఎదుటివాణ్ని అవమానించడం. జెండాలు కిందికి దిగి అడ్డంగా ఊగాయి. పాయింటు పోయింది, కాసేపటికి పోటీ కూడా పోయింది. ఆనాటి నుంచి ఆయన చేతులు ఒంటికి అతుక్కుపోయాయి. కూతురు పుట్టిందని నర్సు చెబితే నడుం వంచి వందనం చేసి, సోయా గింజలు నానబెట్టాలంటూ వెళ్లిపోయాడు.

ఆయన భార్య ఫుసయే పడుచుతనం నుంచీ పడిచచ్చే గాయకుడొకడు అదే బుడోకాన్‌లో ఆఖరి కచేరీ ఇస్తున్నాడు. ఆఖరి పాటకు హాలంతా పిడికిళ్లెత్తడం ఆనవాయితీ. పుట్టినరోజు కానుకగా ఆమె అడిగింది ఒక్కటే, పక్కన నిలబడి ఒక్కసారి చెయ్యెత్తమని. వస్తాను గానీ చచ్చినా ఎత్తనన్నాడు కత్సుజి.

కచేరీ రోజు హాలు గుమ్మం దగ్గరే, పోటీకి వచ్చినవాడిలా నడుం వంచి నిలబడిపోయాడు. వెనక వరుస మొత్తం ఆగిపోయింది. లోపల తాము ఉత్త కాళ్లతో పోరాడిన చోట కుర్చీలు వేసి ఉండడం చూసి గుడ్లురిమి, బూట్లు విప్పి చంకన పెట్టుకున్నాడు. సీట్లు చూపించే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"తాతగారూ, బూట్లు తొడుక్కోండి. ఎవరైనా కాలు తొక్కుతారు."

"ఈ నేల మీద బూట్లతో నడవకూడదమ్మా."

"పైన పట్టా పరిచాం తాతగారూ. మీ నేలకేం కాలేదు."

ఫుసయే అటూ ఇటూ తలలు వంచి అందరికీ క్షమాపణలు చెప్పుకుని, ఆయన్ని కూర్చోబెట్టి తనే లేసులు కట్టింది.

గాయకుడూ ముసలాడైపోయాడు. ఎగరబోయి ఆగి, మైకు స్తంభం పట్టుకుని సర్దుకున్నాడు. అయినా ఆఖరి పాట మొదలవగానే హాలంతా లేచింది, వేల పిడికిళ్లు లేచాయి. ఫుసయేది అందరికంటే ముందే లేచింది. కత్సుజి మాత్రం గుంజలా నిలబడ్డాడు.

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగింది. "ఏవండీ, ఆ రోజు నేను పైఅంతస్తులో కూర్చున్నాను. మీరు నా వైపు చూసే చెయ్యెత్తారు."

"అది రద్దయిపోయింది కదా."

"తీర్పరులు రద్దు చేశారు, నేను చెయ్యలేదు. ఆ చెయ్యి చూసే మిమ్మల్ని చేసుకున్నాను. మళ్లీ ఎప్పుడెత్తుతారా అని ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాను."

కత్సుజి చెయ్యి చెవిదాకా లేచి ఆగింది. కళ్లు అలవాటుగా తీర్పరుల కోసం నలుమూలలా వెతికాయి. ఎవరూ జెండా ఊపలేదు. ఫుసయే ఆ మణికట్టు పట్టుకుని మిగతా దూరం తనే లేపింది.

పాట అయిపోయి అందరూ చేతులు దించినా, ఆ ఒక్క చెయ్యి దిగలేదు. స్టేజీ కనబడడం లేదని వెనకావిడ గొణిగితే, ఫుసయే కళ్లు తుడుచుకుంటూ ఆవిడకీ తల వంచి క్షమాపణ చెప్పింది గానీ, చెయ్యి దించమని మాత్రం ఆయనకు చెప్పలేదు.