దుప్పటి కింద ఆసు మిషను

మా చిన్నమ్మ కష్టం పత్రికలో చదివి, మనసు కరిగి జనం పోచంపల్లి చేనేత మేళాకు తరలివచ్చారని ఇప్పటికీ వేదిక మీద చెప్తారు. వాళ్లు చదివింది నిజం కాదు. ఆ కథ రాసిచ్చింది నేనే కాబట్టి నాకు తెలుసు, ఆ కష్టం అప్పటికే తీరిపోయింది.

డిగ్రీ చదివినదాన్నని మేళా సంఘం నాకు ప్రచారం పని అప్పగించింది. రంగులు, డిజైన్ల గురించి రెండు పేజీలు రాసిస్తే విలేఖరి పక్కన పెట్టేశాడు. చీరల సంగతి ఎవరు చదువుతారు, కన్నీళ్లు పెట్టించే మనిషి ఉంటే చెప్పమన్నాడు. నా నోరు ఊరుకోదు కదా, చిన్నమ్మ పేరు చెప్పి, ఆమె కథ రాసిచ్చాను. చిన్నాయన పోయాక ఆమె ఇరవై ఏళ్లు ఆసు పోసి పిల్లల్ని చదివించింది. నూలుకు రంగు అద్దకముందు చట్రం మీది మేకుల చుట్టూ దారాన్ని పొద్దస్తమానం చేత్తో అటూ ఇటూ తిప్పే పని అది. భుజం అరిగిపోతుంది. ఆమెదీ అరిగింది. అందుకే కొడుకులు ఆసు పోసే మిషను కొనిచ్చారు. ఆ ముక్క మాత్రం నేను రాయలేదు.

ఫోటోకు వస్తున్నారనగానే పరుగెత్తి మిషను మీద దుప్పటి కప్పాను, అటక మీది పాత చట్రం దించాను. చిన్నమ్మ నన్నే చూసింది.

"గీ ఒక్క ఫోటోనే గదా, బిడ్డా?"

ఒక్కటితో పోలేదు. మరుసటేడు టీవీ వాళ్లు, ఆ పైయేడు అధికారులు. మేళా వచ్చిందంటే చిన్నమ్మ చెయ్యి ఆడాల్సిందే. ఇక నిజం చెప్పేద్దామని సంఘం పెద్దమనిషితో వాదానికి దిగాను.

"రాసింది నువ్వే గదమ్మా. గిప్పుడు అబద్ధమంటే మన చీరలు గుడ అబద్ధమే అంటరు. ఎవలు కొంటరు?" అన్నాడు.

ఎవరికైనా ఎదురు చెప్పే నేను, ఆ ఏడూ వెళ్లి అటక మీది చట్రం దించాను.

పోయిన మేళా నాటికి చిన్నమ్మకు చెయ్యి పైకి లేవక, తల కూడా కోడలే దువ్వుతోంది. ఏమైనా కానీ, మిషనే చూపిద్దామని పొద్దున్నే వెళ్లాను. అప్పటికే దుప్పటి కప్పి ఉంది. కొత్త చీర కట్టుకుని ఆమె చట్రం ముందు కూర్చుంది. ఇవాళ ఇది వద్దు చిన్నమ్మా అన్నాను.

"జర పక్కకు జరుగు. ఎల్తురు పడనియ్యి," అంది.

ఎందుకలా కూర్చుందో ఎన్నిసార్లు అడిగినా మాట మార్చేస్తుంది. నా మాట పోకూడదని ఆ నొప్పి ఓర్చుకుందా, లేక ఆ ఫోటోలు ఆమెకే కావాలా?