పంటు ఎక్కించిందెవరు?

నేను సఖినేటిపల్లి లైబ్రరీలో పనిచేసే రోజుల్లో, రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు నడిపి మానేసిన సరంగుగారు రోజూ వచ్చేవారు. ఏ నవలలోనైనా ఎవరైనా గోదావరి దాటితే చాలు, "ఆయ్, దాటించిందెవరండీ?" అనేవారు. ఆ మాట వినడానికే గోదావరి ఉన్న నవలలు వెతికి ఇచ్చేవాణ్ణి.

డెబ్బైల్లో ఓ యుద్ధం నవల వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం అంతర్వేదిలో దిగి, మా పంటు మీదే వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం పట్టుకున్నట్టు కల్పన. పాఠకుల అభిప్రాయాల కోసం ప్రతి పుస్తకం చివరా ఓ తెల్లకాగితం అంటించేవాణ్ణి. "అద్భుతం", "నాయికని చంపకుండా ఉండాల్సింది" అని రాసేరు జనం.

సరంగుగారు మాత్రం కళ్లెర్రజేసేరు. "ఆ రోజుల్లో రేవులో నలుగురం సరంగులమండి. మాలో ఎవరెక్కించేరంటాడు ఈయన?"

"కథే కదండీ, జరగలేదు కదా!"

"జరిగుంటే చూసినవాళ్లు చెబుదురండి. జరగనిదానికి మా తరపున సాక్ష్యం ఎవరు చెబుతారు?"

పుస్తకంతోపాటు నా స్టాంపు ప్యాడు కూడా అడిగి పట్టుకెళ్లేరు.

మర్నాడు చివరి కాగితం చూసేను. "మేం ఎక్కించలేదండి" అని రాసి సంతకం పెట్టేరు. దాని కింద, ఆ నవలలో ఒక్క ముక్క కూడా చదవలేని ముగ్గురు ముసలి సరంగుల వేలిముద్రలున్నాయి.