తాతయ్య చేసిన టోకెన్

నా చిన్నప్పుడు సికింద్రాబాద్‌లో ఎండాకాలం నీళ్లు ఏ వేళకు వస్తాయో ఎవరికీ తెలిసేది కాదు. "నల్లా వచ్చింది!" అన్న కేక వినపడితే చాలు, ఎక్కడి పని అక్కడ వదిలేసి బిందెలతో పరుగెత్తేవాళ్లం. పెరట్లో నేలలోకి కట్టిన హౌజు మూత తీసి నింపుకునేవాళ్లం. అలాంటి ఒక మధ్యాహ్నం, అప్పుడప్పుడే నడక నేర్చిన మా చెల్లి అందులో పడి చనిపోయింది.

ఇంట్లో ఎవరూ లేక కాదు. అమ్మ, నాయనమ్మ, బాబాయి, తాతయ్య అందరూ అక్కడే ఉన్నారు. "నీ దగ్గరున్నదనుకున్న," అని అమ్మ, "నీ ఎంబడి వచ్చిందనుకున్న," అని నాయనమ్మ ఏడ్చారు. చెల్లి పడిన చప్పుడు ఒక్కరికీ వినపడలేదు. తలుపు చాటున దాక్కుందేమోనని నేను చాలా రోజులు చూసేవాణ్ణి.

తర్వాత తమ్ముడు పుట్టాడు. వాడు పాకే నాటికి మళ్లీ ఎండలు ముదిరాయి. అమ్మ నిద్రలో ఉలిక్కిపడి లేచి వాణ్ణి తడుముకునేది. మా తాతయ్య రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఒకే రైలుపట్టా ఉన్న దారిలో రెండు బండ్లు ఎదురెదురు రాకుండా, స్టేషనువాళ్లు టోకెన్ రింగు చేతికిస్తేనే బండి కదిలించేవాడట. ఒకరోజు ఆయన వెదురుబద్ద వంచి, ఎర్రగుడ్డ చుట్టి, అలాంటి రింగే చేసి అమ్మ మెడలో వేశాడు.

"ఇది ఎవరి మెడల ఉంటే పోరడు వాళ్ల జిమ్మేదారి. నల్లా వచ్చినా వాణ్ణి ఇడిచి కదలొద్దు. దీన్ని కింద పెట్టొద్దు. పోవాల్నంటే ఇంకొకలకు ఇయ్యాలె, వాళ్లు 'తీస్కున్న' అనాలె."

బాబాయి నవ్వాడు. తాతయ్య నవ్వలేదు.

"ఆ దినం ఇంతమందిమున్నం. ఒక్కరి మెడల ఇది ఉంటే పిల్ల బతుకుతుండె."

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ రింగును చూసి నవ్వలేదు. ఎక్కువగా తాతయ్యే వేసుకునేవాడు. ఒకనాడు నల్లా వచ్చిన హడావిడిలో అమ్మను పిలిచి, రింగు తీసి ఇచ్చాడు. "కండ్లు మసకలొస్తున్నయ్ బిడ్డా. నాతోని కాదు, నువ్వు తీస్కో." ఎవరికీ తలవంచని మనిషి గొంతు అలా తగ్గడం నేను వినడం అదే మొదటిసారి. అమ్మ బిందె పక్కన పెట్టి "తీస్కున్న" అంది. ఆ పూట మా హౌజు సగమే నిండింది.

ఇప్పుడు నాకు తాతయ్య వయసు. మల్కాజ్‌గిరిలో మా సంపుకు తాళం ఉంది. అయినా నీళ్లు పట్టే వేళ మనవరాలు కనపడకపోతే, "పిల్ల ఎవరి దగ్గరుంది?" అని అడుగుతాను. "అందరం ఉన్నం కదా," అంటారు. ఆ మాట వినగానే నేనే లేస్తాను. వెతికి, పిల్లను చంకనెత్తుకుని, అందరికీ వినపడేలా చెబుతాను.

"తీస్కున్న."