బొత్తాలు నమిలే మిషను

ఆ రోజుల్లో నా దగ్గరున్న పెట్టుబడి నోరొక్కటే. మార్కెట్లో మా నాన్న పప్పుల కొట్టులో పెరిగినవాణ్ణి. కొనదలచుకున్న వస్తువును ముందు తిట్టాలని నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది. అలా తిట్టి కొన్నదే ఆ బట్టలుతికే మిషను. పోర్టు రోడ్డులో ఓడల పాతసామాన్లు అమ్మే కొట్లో, తుప్పు గొలుసుల మధ్య ఉండేది: గుండ్రటి తొట్టి, దాని నెత్తిన రెండు రబ్బరు రోలర్లు, పక్కన తిప్పే పిడి. తడిబట్ట ఇటు పెట్టి తిప్పితే అటు అప్పడంలా వచ్చేది. దుప్పట్లు పిండీ పిండీ మా అమ్మ మణికట్టు వాచి, చెంబు కూడా ఎత్తలేకపోతోంది. మిషను ఇంటికి రావాల్సిందే. ఆ సంగతి కొట్టువాడికి తెలియకూడదు, అంతే.

అమ్మను పక్కన పెట్టుకునే బేరం మొదలెట్టాను. "ఇదా? బొత్తాలు నమిలేత్తది. సీర అంచులు పీకేత్తది. ఏలు పెడితే బుజం దాకా లాగేత్తది!" కొట్టువాడు "అలా తిట్టకండి బాబూ, ఓడ సరుకు" అని బతిమాలి, చివరికి నేనడిగిన ధరకే రిక్షా ఎక్కించాడు. (దారంతా దాని పక్కన పెళ్లికొడుకులా కూర్చున్నాను.)

ఇంటికొచ్చాక అమ్మ ఆమడ దూరంలో నిలబడింది. "నాను ముట్టను. సెయ్యి లాగేత్తదని నువ్వే సెప్పినావు కదరా."

"అది బేరమమ్మా!"

"అయితే ఆ మడిసితో అబద్దమాడినావేటి?"

అబద్ధమంటే నా పరువు పోతుంది, నిజమంటే మిషను పోతుంది. "నానే ఉతుకుతాను, ఏటవుద్దో సూద్దాం" అని చొక్కా చేతులు పైకి మడిచాను. మొదటి విడతలోనే నాన్న చొక్కా బొత్తాలు టపటపా పేలి, ఒకటి వెళ్లి ఆయన కాఫీ గ్లాసులో పడింది. నా తిట్లన్నీ నిజం చేసి చూపించాలని దానికంత పట్టుదల! గోడ మీంచి పక్కింటి స్నేహితుడు తొంగిచూశాడు. "ఏటి బావా, సాకిరేవు ఎట్టినావా?" "ఎట్టినాను, నీ లుంగీ కూడా తే!" అన్నాను. తెచ్చాడు, వెధవ.

నేను తగ్గలేదు. బొత్తాలు లోపలికి మడిచి పెట్టాలని నేర్చుకున్నాను. వేసవి, వానాకాలం, ఇంటిల్లిపాది బట్టలూ నేనే ఉతికాను. ఒకరోజు అమ్మ నీళ్ల బిందె అవలీలగా ఎత్తడం చూశాను.

"సెయ్యి నొప్పి తగ్గిపోయిందా? మరి మిషను ముట్టవేటి? ఇంకా బయమేనా?"

"బయమా? పప్పుల కొట్టోడి పెళ్లాన్నిరా. నీకొక్కడికేనేటి బేరం తెలుసు?"

ఇప్పుడు ఇంట్లో మీట నొక్కితే ఉతికే మిషను ఉంది. పాతదాన్ని తీసేయమని పిల్లల గోల. తీయను. ఆదివారం డాబా మీద దుప్పట్లు దాంట్లోనే పిండుతాను, ఎవరు నవ్వినా సరే. మొన్న పాతసామాన్లు కొనే కుర్రాడొకడు వచ్చి, "ఇదేటి బాబూ, తుప్పు ముద్ద, బట్టలు సింపేత్తది" అని మొదలెట్టాడు. ఎంత మనసుపడ్డాడో పాపం! ఆ గొంతు నాకు బాగా తెలుసు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "ఇంకా తిట్టు నాయనా" అన్నాను.

అమ్మడం మాత్రం అమ్మలేదు.